లవం చూసి హారం వేయకండి: ఎన్ఎఫ్ఎల్ రిసీవర్‌ను అంకెలతో అంచనా వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఉండే మేం కొందరం కలిసి ఏటా ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల అంకెలతో మనం పోటీపడే ఆట) ఆడుతుంటాం. ఆగస్టు వస్తే చాలు, ఎవరు మంచి రిసీవర్ అనే వాదన మొదలవుతుంది. ఒకరు గజాలు చూపిస్తారు, ఒకరు టచ్‌డౌన్లు చూపిస్తారు, మరొకరు ఫోనులో వీడియో పెడతారు. క్రికెట్ లెక్కలు కంఠస్థమై, అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఈ మధ్యే అలవాటు పడిన మిత్రులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. జవాబుల్లో నా మొగ్గు కనిపిస్తుంది, దాచే ఉద్దేశం కూడా లేదు.

ఇది ఏ ఫుట్‌బాల్? రిసీవర్ చేసే పని ఏమిటి?

మెస్సీ ఆడేది కాదు. రెండు కొనలూ మొనదేలిన బంతిని చేతులతో విసిరి, పట్టుకుని, మోసుకుంటూ పరుగెత్తే ఆట. దీని అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. పది గజాలు దాటితే మళ్లీ కొత్తగా నాలుగు. అలా వెళ్తూ బంతితో అవతలి జట్టు గోల్ గీత దాటితే టచ్‌డౌన్. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ ముందే అనుకున్న దారిలో పరుగెత్తి దాన్ని అందుకుంటాడు. ఆ దారి పేరు రూట్. యార్డు అంటే మన గజమే. ఇళ్ల స్థలాలు కొన్నవారికి దాని గురించి వేరే చెప్పాల్సిన పని లేదు కాబట్టి ఇక్కడ గజాలనే రాస్తున్నాను.

పట్టిన బంతులు, గజాలు, టచ్‌డౌన్లు. ఈ మూడూ చూస్తే చాలదా?

మూడు సీజన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. 2012లో డెట్రాయిట్ లయన్స్ రిసీవర్ కాల్విన్ జాన్సన్ 122 బంతులు పట్టి 1,964 గజాలు సాధించాడు. ఒక సీజన్ గజాల్లో రికార్డు అదే. టచ్‌డౌన్లు మాత్రం ఐదే. 2019లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఆటగాడు మైకేల్ థామస్ 149 బంతులు పట్టాడు. ఆ లెక్కలో అదీ రికార్డే. అతని గజాలు 1,725, టచ్‌డౌన్లు 9. 2021లో లాస్ ఏంజిలిస్ రామ్స్ తరఫున కూపర్ కప్ 145 బంతులు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.

వీళ్లలో ఎవరు గొప్ప? గజాల మొత్తం చూస్తే జాన్సన్. కానీ ఆ ఏడాది అతని వైపు బంతి 204 సార్లు విసిరారు. లయన్స్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫోర్డ్ ఆ సీజన్‌లో 727 సార్లు పాస్ వేశాడు, అది కూడా రికార్డే. జట్టు 4 గెలిచి 12 ఓడింది. వెనకబడిన జట్టు గడియారంతో పోటీ పడుతూ బంతి విసురుతూనే ఉండాలి, అలాంటప్పుడు గజాలు పోగుపడతాయి. కప్‌కు 17 ఆటలు దొరికాయి, జాన్సన్‌కు 16. ఆటకు ఇన్ని గజాలు అని లెక్కిస్తే జాన్సన్ 122.8, కప్ 114.5. విసిరిన బంతికి ఇన్ని అని లెక్కిస్తే తారుమారవుతుంది: కప్ 10.2, జాన్సన్ 9.6, థామస్ 9.3. పట్టిన బంతికి ఇన్ని అంటే జాన్సన్ 16.1తో మళ్లీ పైకి వస్తాడు, థామస్ 11.6తో అడుగున ఉంటాడు. అన్నట్టు, కప్‌కు బంతి విసిరింది కూడా ఆ స్టాఫోర్డే, తొమ్మిదేళ్ల తర్వాత, మరో జట్టులో.

పైనున్న అంకె మారలేదు, కిందున్నది మార్చాం, అంతే. బడిలో నేర్చుకున్న మాటల్లో చెప్పాలంటే లవం అదే, హారం వేరు. కాబట్టి లవం ఒక్కటే చూసి ఎవరి మెడలోనూ హారం వేయకండి. ఎవరైనా ఒక అంకె చెబితే నేను ముందు అడిగేది దాన్ని దేనితో భాగించారని.

అయితే విసిరిన బంతులతో భాగిస్తే సరిపోతుంది కదా?

చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ చాలా ఏళ్లు అక్కడే ఆగాను. రిసీవర్ వైపు విసిరిన బంతిని టార్గెట్ అంటారు. టార్గెట్‌కు ఇన్ని గజాలు అన్న లెక్క న్యాయంగానే కనిపిస్తుంది. దానిలో మెలిక ఏమిటంటే, టార్గెట్ అనేది ఎవరో పంచిపెట్టిన ప్రసాదం కాదు, రిసీవర్ సంపాదించుకున్నది. తనను కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌ను వదిలించుకుని ఖాళీగా నిలబడితేనే క్వార్టర్‌బ్యాక్ కన్ను అటు పడుతుంది. నలభై సార్లు పరుగెత్తి రెండే సార్లు ఖాళీ దొరికించుకుని, ఆ రెండిట్లో ముప్పై గజాలు తెచ్చినవాడికి టార్గెట్‌కు 15 గజాలు వస్తాయి. అదే నలభై పరుగుల్లో పన్నెండుసార్లు ఖాళీ సంపాదించి వంద గజాలు తెచ్చినవాడికి ఎనిమిదికి కాస్త పైన వస్తుంది. ఆ లెక్క ప్రకారం మొదటివాడే మేలు. ఏ కోచ్ అయినా ఒప్పుకుంటాడా?

అవకాశం ఎవరికిచ్చినా పట్టేస్తారన్న వాదన కూడా వింటుంటాను. 2023లో కూపర్ కప్ గాయంతో మొదటి నాలుగు ఆటలకు దూరమయ్యాడు. ఆ ఖాళీలో కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండులో ఎంపికైన పుకా నకువా అనే కొత్త కుర్రాడు వచ్చి మొదటి ఆటలో 10, రెండో ఆటలో 15 బంతులు పట్టాడు. కప్ తిరిగి వచ్చాక ఇతను మాయమవుతాడని చాలామంది అనుకున్నారు. సీజన్ ముగిసేసరికి అతనివి 105 బంతులు, 1,486 గజాలు. తొలి సీజన్ ఆటగాళ్లలో అప్పటికి రెండూ రికార్డులే. తలుపు తెరిచింది గాయమే కావచ్చు, లోపల నిలబడింది మాత్రం అతని ఆటే.

మీరు దేనితో భాగిస్తారు?

పరుగెత్తిన రూట్లతో. పాస్ ఆట అయిన ప్రతిసారీ రిసీవర్ ఒక రూట్ పరుగెత్తుతాడు, బంతి వచ్చినా రాకపోయినా. మొత్తం గజాలను ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది రూట్‌కు గజాలు. దీన్ని బాగా వాడుకలోకి తెచ్చినవారు ఆట లెక్కల సంస్థ ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ వాళ్లు. కబడ్డీలో ఒకడు పది పాయింట్లు తెచ్చాడంటే మనం వెంటనే ఎన్నిసార్లు కూతకు వెళ్లాడని అడుగుతాం. ఉత్త చేతులతో తిరిగొచ్చిన కూతలు కూడా లెక్కే. ఇదీ అంతే. ఖాళీ దొరక్కపోవడం, బంతి రాకపోవడం, వచ్చినా జారిపోవడం అన్నీ హారంలో చేరిపోతాయి.

స్థూలంగా, సీజన్ పొడవునా రూట్‌కు 2 గజాలు దాటినవాడు తన జట్టులో ముఖ్యుడు. 3 దాటడం బహు అరుదు. ఒకటికి అటూ ఇటూ ఉంటే మైదానంలో ఉన్నాడంతే. ఏడాది నుంచి ఏడాదికి ఈ అంకె టచ్‌డౌన్లంత చంచలంగా ఊగదు, నాకు నచ్చే గుణం అదే.

లోపాలు లేవా? ఉన్నాయి. మూడో డౌన్‌లో మాత్రమే దింపే ఆటగాడికి కొద్ది రూట్లే ఉంటాయి. అతన్ని గురిపెట్టే ఎత్తులే (ప్లేలే) ఎక్కువగా వేస్తారు కాబట్టి సగటు ఉబ్బుతుంది. పాస్ ఎక్కువగా వేసే జట్టులో ఐదుగురు మంచి రిసీవర్లుంటే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. రెండు మూడు వందల రూట్లకు తక్కువైతే నేను పెద్దగా పట్టించుకోను.

గాలిలో వచ్చిన గజాలు, పట్టాక పరుగెత్తిన గజాలు: ఈ తేడా ఎందుకు?

ఒకే 20 గజాలు రెండు రకాలుగా రావచ్చు. బంతి 18 గజాలు గాలిలో ప్రయాణించి, పట్టిన రిసీవర్ రెండడుగులు వేసి పడిపోవచ్చు. లేదా ఆట మొదలైన గీత దగ్గరే అందుకుని నలుగురిని తప్పించుకుంటూ 20 గజాలు పరుగెత్తవచ్చు. మొదటిదాన్ని ఎయిర్ యార్డ్స్ చెబుతాయి, రెండోదాన్ని పట్టాక వచ్చిన గజాలు చెబుతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు డీబో శామ్యూల్ 2021 సీజన్ దీనికి మంచి ఉదాహరణ. 77 బంతులకే 1,405 గజాలు, అంటే పట్టిన బంతికి 18కి పైనే. ఆ అంకె చూసినవారు ఇతన్ని దూరపు బంతుల వీరుడనుకుంటారు. నిజానికి పట్టాక భుజాలతో గుద్దుకుంటూ సాధించిన గజాలే అతని అసలు సొత్తు. అంతటితో ఆగకుండా అదే ఏడాది వెనక వరుసలో నిలబడి 59 సార్లు బంతి మోసి 365 గజాలు, 8 టచ్‌డౌన్లు తెచ్చాడు. రిసీవర్ల పట్టిక ఒక్కటే చూసేవారికి ఈ రెండో సగం కనిపించదు. ప్లేమేకర్, అంటే ఆటను మలుపు తిప్పేవాడు, అన్న మాటకు నాకు మొదట గుర్తొచ్చే సీజన్లలో ఇదొకటి.

ఈపీఏ అని తరచూ వింటున్నాం. అదేమిటి?

ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్, అంటే ఆశించే పాయింట్లలో వచ్చిన మార్పు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే గజాలన్నీ సమానం కావన్న విషయాన్ని ఇంత సూటిగా చెప్పే లెక్క మరొకటి లేదు.

మూడో డౌన్, ఇంకా 8 గజాలు కావాలి, బంతి సొంత 40 గజాల గీత మీద ఉంది. ఈ స్థితిలో ఉన్న జట్లు సగటున ఎన్ని పాయింట్లు సాధిస్తాయో గత ఆటలన్నీ చూసి లెక్కగట్టవచ్చు. సౌలభ్యం కోసం 0.8 అనుకుందాం. రిసీవర్ 7 గజాల దగ్గర బంతి పట్టి పడిపోయాడు. ఇప్పుడు నాలుగో డౌన్, ఒక గజం తక్కువ, బహుశా బంతిని తన్ని అవతలి జట్టుకు అప్పగించాలి. ఆ స్థితి విలువ 0.5 అనుకుంటే, అతని ఏడు గజాల విలువ మైనస్ 0.3. పక్కనే ఇంకో రిసీవర్ 9 గజాల దగ్గర పట్టాడు. కొత్తగా నాలుగు డౌన్లు వచ్చాయి, స్థితి విలువ 2.2కి చేరింది, అంటే ప్లస్ 1.4. గజాల పట్టికలో ఇద్దరికీ తేడా రెండు. ఆటలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు, నమూనాను బట్టి కాస్త మారతాయి. పోకడ మాత్రం ఇదే.

ఈ ఆలోచన కంప్యూటర్ కుర్రాళ్లది కాదు, ఒక ఆటగాడిది. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ మాకల్ కలిసి 1969 సీజన్ ఆటలను విడదీసి, మైదానంలో ఏ చోట బంతి ఉంటే ఎంత విలువో 1971లో ప్రచురించారు. సొంత గోల్ గీతకు మరీ దగ్గరగా ఉంటే, బంతి మన చేతిలో ఉన్నా విలువ సున్నాకన్నా తక్కువని వాళ్ల పట్టికలో తేలింది.

రిసీవర్‌కు దీన్ని అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ ప్లస్ 1.4లో విసిరినవాడి వాటా ఎంత, అడ్డుకుని సమయం ఇచ్చిన లైన్ వాటా ఎంత, పట్టినవాడి వాటా ఎంత? ఈపీఏ మొత్తం సొమ్మును ముగ్గురి పేరా రాస్తుంది, పంపకం చేయదు.

అంటే రిసీవర్ అంకెలన్నీ క్వార్టర్‌బ్యాక్ చలవేనా?

అన్నీ కాదు, కానీ మనం అనుకునేదానికన్నా ఎక్కువే. రాండీ మాస్‌ను చూడండి. 2006లో ఓక్లాండ్‌లో అతనివి 42 బంతులు, 553 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఆ జట్టు ఆ ఏడాది రెండే ఆటలు గెలిచింది. మాస్ పని అయిపోయిందని రాసేశారు. మరుసటి ఏడాది న్యూ ఇంగ్లండ్‌లో టామ్ బ్రేడీ పక్కన 98 బంతులు, 1,493 గజాలు, 23 టచ్‌డౌన్లు. ఒక సీజన్‌లో అందుకున్న టచ్‌డౌన్లలో రికార్డు అది. 2008 మొదటి ఆటలోనే బ్రేడీ మోకాలు దెబ్బతింది, మాట్ క్యాసెల్ వచ్చాడు. మాస్ గజాలు 1,008కి, టచ్‌డౌన్లు 11కి దిగాయి. మూడేళ్లలో మూడు వేర్వేరు మనుషుల్లా కనిపించే ఈ అంకెలన్నీ ఒకే జత కాళ్లవి.

అందుకే రిసీవర్ వైపు విసిరినప్పుడు క్వార్టర్‌బ్యాక్ రేటింగ్ (పాస్‌ల ఫలితాలకు వేసే మార్కు) ఎంత అనే లెక్కను నేను దూరం పెడతాను. బంతి రిసీవర్ తలమీదుగా వెళ్లి ప్రత్యర్థి చేతిలో పడినా ఆ మచ్చ రిసీవర్‌కే అంటుకుంటుంది.

ఒక్క క్యాచ్‌తో ఆటను గెలిపించినవాడు ప్లేమేకర్ కాదా?

ఆ రాత్రికి అవును. ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 42, 2008 ఫిబ్రవరి 3. ఒక్క ఓటమీ లేని న్యూ ఇంగ్లండ్ ముందుంది, న్యూయార్క్ జెయింట్స్‌కు మూడో డౌన్, 5 గజాలు కావాలి, గడియారంలో నిమిషం పదిహేను సెకన్లు. ఈలై మ్యానింగ్ చొక్కా పట్టి లాగుతున్న వాళ్ల నుంచి ఎలాగో విడిపించుకుని బంతి పైకి విసిరాడు. డేవిడ్ టైరీ ఎగిరి పట్టాడు. న్యూ ఇంగ్లండ్ ఆటగాడు రోడ్నీ హారిసన్ దాన్ని లాగేస్తుంటే, ఒక చేత్తో బంతిని తన హెల్మెట్‌కు అదిమిపెట్టి వెనక్కి పడ్డాడు, బంతి నేలకు తగలలేదు. 32 గజాలు. జెయింట్స్ 17-14తో గెలిచారు.

అంతకు ముందు ఆ రెగ్యులర్ సీజన్ మొత్తంలో టైరీ పట్టినవి 4 బంతులు, 35 గజాలు. ఎన్ఎఫ్ఎల్‌లో అతను పట్టిన చివరి బంతి కూడా ఆ హెల్మెట్ బంతే. ఒక్క క్షణాన్ని పట్టుకుని మరుసటి ఏడాదికి జీతం నిర్ణయిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. క్షణాలను ప్రేమించండి, నాకూ ఇష్టమే. అంచనా వేసేటప్పుడు మాత్రం వాటిని పక్కన పెట్టాలి.

టచ్‌డౌన్లను ఎంతవరకు నమ్మాలి?

తక్కువ. గోల్ గీత దగ్గర కోచ్ పరుగు ఎత్తు వేస్తాడా, పాస్ వేస్తాడా అన్నది రిసీవర్ చేతిలో ఉండదు. 1,964 గజాలు సాధించిన జాన్సన్‌కు ఐదు టచ్‌డౌన్లే దక్కాయంటే అతనికి ఆట రాదని కాదు.

జారవిడిచిన బంతులు?

జనానికి ఇవంటే ఉన్నంత కోపం లెక్కలకు లేదు. ఏది జారవిడిచినట్టో, ఏది అందనిదో నిర్ణయించేది వీడియో చూసే మనిషి, ఇద్దరు చూస్తే ఇద్దరి లెక్కా కలవదు. పైగా ఎక్కువసార్లు ఖాళీ సంపాదించేవాడికే ఎక్కువ బంతులు వస్తాయి, ఎక్కువ జారతాయి.

ఏ పట్టికలోనూ కనిపించని పని ఏదైనా ఉందా?

చాలా ఉంది. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జరిమానా. రిసీవర్ కార్నర్‌బ్యాక్‌ను దాటేశాడు, ఇక వేరే దారి లేక అతను చెయ్యి పట్టి లాగాడు, రెఫరీ పసుపు గుడ్డ విసిరాడు. ఎన్ఎఫ్ఎల్‌లో తప్పు జరిగిన చోటికే బంతిని తీసుకెళ్తారు, అది 40 గజాలైనా సరే. కాలేజీ ఆటలో అయితే 15 గజాలకు మించదు. జట్టుకు 40 గజాలు వచ్చాయి, వాటిని సంపాదించిన రిసీవర్ ఖాతాలో సున్నా. టార్గెట్ కూడా పడదు.

ఇంకొకటి, ఎర పని. వేగం గల రిసీవర్ లోతుగా పరుగెత్తితే వెనక కాపలా కాసే సేఫ్టీ భయంతో అతని వెంటే వెళ్తాడు. ఖాళీ అయిన మధ్య భాగంలో ఇంకొకడు తీరిగ్గా 15 గజాలు పట్టుకుంటాడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి అసలు పని చేసినవాడు తెరమీదికే రాడు. దీన్ని కొంతైనా చూడాలంటే, ఆ ఆటగాడు మైదానంలో ఉన్నప్పుడూ లేనప్పుడూ జట్టు పాస్‌కు ఈపీఏ ఎలా మారిందో పోల్చాలి. ముతక కొలతే, కానీ ఏమీ లేనిదానికన్నా నయం.

భుజాల్లో చిప్‌లు పెడుతున్నారట కదా, వాటితో అంతా తేలిపోదా?

ఎన్ఎఫ్ఎల్ నడిపే నెక్స్ట్ జెన్ స్టాట్స్ అనే లెక్కల కోసం ఆటగాళ్ల భుజ కవచాల్లో చిన్న రేడియో చిప్‌లుంటాయి, సెకనుకు పదిసార్లు ఎవరు ఎక్కడున్నారో చెబుతాయి. వాటి నుంచి వచ్చే ప్రసిద్ధ కొలత సెపరేషన్, అంటే బంతి వచ్చిన క్షణంలో రిసీవర్‌కూ దగ్గరి ప్రత్యర్థికీ మధ్య దూరం. వినడానికి బాగుంటుంది. కానీ గీత దగ్గరే ఆగి చిన్న బంతి అందుకునేవాడి చుట్టూ ఎప్పుడూ ఖాళీయే. ముప్పై గజాల లోతున పరుగెత్తేవాడికి అంత ఖాళీ దొరకడం కష్టం. రూట్ లోతు చూడకుండా సెపరేషన్ పట్టికలో పైనున్నవాడిని మెచ్చుకుంటే తప్పులో కాలేసినట్టే.

పాత తరం వారితో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, నిబంధనలు గుర్తుంచుకుంటే. 1978 నుంచి గీత దాటిన ఐదు గజాల తర్వాత రిసీవర్‌ను ఢీకొట్టడం నిషేధం. అంతకు ముందువారి గజాలు వేరే దేశపు నాణేలు. ఆటల సంఖ్య కూడా చూడాలి. మాస్ 23 టచ్‌డౌన్లు 16 ఆటల్లో వచ్చాయి. దానికి ముందు రికార్డు జెర్రీ రైస్‌ది, 1987లో 22, ఆటగాళ్ల సమ్మె జరిగిన ఆ ఏడాది అతను ఆడినవి 12 ఆటలే. రికార్డు పుస్తకంలో మాస్ పేరు పైన ఉంటుంది, నా పుస్తకంలో రైస్ పేరు.

ఫాంటసీ లీగ్‌కు ఏది చూడాలి?

అక్కడ ఆట గొప్పతనం కాదు, రాబోయే వారం బంతులు లెక్క. జట్టు టార్గెట్లలో ఇతని వాటా, ఎయిర్ యార్డ్స్‌లో ఇతని వాటా చూడండి. మొదటిదాన్ని 1.5తో, రెండోదాన్ని 0.7తో గుణించి కలిపే ఒక సూత్రం బాగా ప్రచారంలో ఉంది. పోయిన ఏడాది టచ్‌డౌన్లు చూసి ఎగబడకండి. నేను ఎగబడి రెండుసార్లు ఆఖరి స్థానంలో నిలిచాను. సొంతంగా లెక్కలు వేసుకోవాలనుకుంటే 1999 నుంచి ప్రతి ఆటలోని ప్రతి ఎత్తూ ఎన్ఎఫ్ఎల్‌వర్స్ అనే సమాచార నిధి దగ్గర ఉచితంగా దొరుకుతుంది, ఈపీఏ కూడా వేసి ఉంటుంది.

మా అబ్బాయి హైస్కూల్ జట్టులో రిసీవర్. మాకు ఇవి పనికొస్తాయా?

కాగితం, పెన్సిలు చాలు. మా వీధిలో ఒక తెలుగు కుర్రాడు రిసీవర్‌గా ఆడతాడు. ఒక శుక్రవారం రాత్రి వాళ్ల నాన్నగారితో కలిసి స్టాండ్స్‌లో కూర్చున్నాను. మొదటి సగం అయ్యేసరికి ఆయన ముఖం మాడిపోయింది: "రెండే బంతులండీ, రెండే!" నా కాగితం చూపించాను. నాలుగు నిలువు గడులు: పరుగెత్తిన రూట్లు, నా కంటికి ఖాళీగా కనిపించినవి, బంతి వచ్చినవి, పట్టినవి. రూట్లు 17, ఖాళీ 8, బంతి వచ్చింది 3, పట్టింది 2. మిగతా ఐదు ఖాళీల్లో మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్ అప్పటికే నేలమీద ఉన్నాడు, రెండుసార్లు అవతలి వైపు చూస్తున్నాడు.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి పెన్సిలు అడిగి తీసుకున్నారు. రెండో సగం గీతలన్నీ ఆయనే గీశారు. ఒక రూట్ దగ్గర మాత్రం మాకు కుదరలేదు: వాడు ఖాళీగానే ఉన్నాడని ఆయన, కార్నర్‌బ్యాక్ చెయ్యి అందే దూరంలోనే ఉందని నేను. ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టుకున్నాం.